రూటరు పైడిరాజు రికార్డు

పైడిరాజును రూటరుగా, అంటే మాటలకు దారి చూపేవాడిగా, పర్మనెంటు చేసిన రోజున, నిబంధనల ప్రకారం, అతని కుడి చెవి నుంచి ఎడమ చెవి దాకా తిన్నగా దారి వేశారు. ఆ ఊళ్లో గడప దాటే మాట ఏదైనా సందేశాల ఆఫీసు మీదుగానే పోవాలి. ఒక్కో చోటిది ఒక్కో భాష: నీళ్ల శాఖ అంకెల్లో తప్ప మాట్లాడదు, ఆసుపత్రి సగం మాట మింగేస్తుంది. పక్క కుర్చీలోని వరాలమ్మ వాటిని మామూలు తెలుగులోకి మార్చి పైడిరాజు కుడి చెవిలో వేస్తుంది. అతను చిరునామా మాత్రం చూసి తల తిప్పుతాడు. మాట ఎడమ చెవిలోంచి సరైన కిటికీలోకి వెళ్లిపోతుంది. ఇరవై రెండేళ్లలో ఒక్క ముక్క కూడా తలలో మిగుల్చుకోలేదు. అలాంటివాడు జిల్లాలో ఇంకొకడుంటే చూపించమనండి!

మంగళవారం పదిన్నరకు ఆసుపత్రి నుంచి అత్యవసర సందేశం వచ్చింది. పంపింది అతని భార్య గౌరీశ్వరి. పదకొండింటికి ఆపరేషనంటున్నారు, చేయించుకోవాలా వద్దా అని మొగుణ్ణి అడుగుతోంది. చిరునామా: పైడిరాజు, రూటరు.

"మీ ఆవిడ మాటే బావూ. ఓపాలి ఆపుకుని ఇనీ," అంది వరాలమ్మ.

"దారి మాటలు దాసుకుంటే ఊరేటైపోద్ది వరాలమ్మా?" అన్నాడు పైడిరాజు. 

కిటికీల జాబితాలో అతని పేరు లేదు. మాటలు మోసేవాడి పేరున ఏ మాటా రాకూడదని నిబంధన. అది రాసిన కమిటీలో అతనూ ఉన్నాడు. మూడుసార్లు తిప్పినా చేరని సందేశాన్ని చేరని మాటల గదికి పంపాలి. మూడుసార్లూ తిప్పాడు. మూడోసారి కాస్త నెమ్మదిగా తిప్పాడు, అంతే. పదీ యాభైకి గౌరీశ్వరి ప్రశ్న ఆ గదిలో అట్టపెట్టెలో భద్రంగా పడింది. పదకొండింటికి కాగితాల మీద ఆమే సంతకం పెట్టుకుంది.

'సొంత భార్య మాటనైనా మిగుల్చుకోని ఉద్యోగి' అని మధ్యాహ్నానికల్లా నోటీసు బోర్డు మీద పెట్టారు. పైడిరాజు ఛాతీ పొంగింది. దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

డ్యూటీ దిగి ఆసుపత్రికి వెళ్లాడు. ఆపరేషను బాగానే జరిగింది. గౌరీశ్వరి అతని చెయ్యి పట్టుకుని, "బయమేసిందయ్యా. నువ్వొత్తావని తలుపు దిక్కే సూసినాను," అంది.

మాట కుడి చెవిలో దూరి ఎడమ చెవిలోంచి బయటికి వచ్చింది. అటువైపు మంచం మీద, చూడ్డానికి ఎవరూ రాని ముసలామె ఒకతె అది విని కళ్లు తుడుచుకుంది.

"నానున్నాను గదమ్మా," అంది.

గౌరీశ్వరి కాసేపు మొగుడి ముఖంలోకి చూసింది. తర్వాత చెయ్యి వదిలేసి, ముసలామెతోనే మిగతాది చెప్పడం మొదలుపెట్టింది. పైడిరాజు మాటకు అడ్డం రాకుండా, ఇద్దరి మధ్య తల తిన్నగా పెట్టుకుని గర్వంగా కూర్చున్నాడు.