ఆది లేని చొక్కా

మీకేదైనా కష్టం వచ్చిందా? కంగారు పడకండి. అది మీది కాదు!

ఉబుసుపోక అంటున్న మాట కాదిది, లెక్కలతో సహా రుజువైంది. మనిషికి సొంత కష్టం అంటూ ఒకటి ఉంటుందని మన పెద్దవాళ్ళు పొరపాటు పడ్డారు. ఉన్నదల్లా ట్రెండు. అది పైకి పోతే మనమూ పైకి పోతాం, కిందికి జారితే మనమూ జారతాం. మధ్యలో ఏడవడానికి మనమెవరం?

పూర్వం దీన్నే తలరాత అనేవారు. కానీ ఆ గీత ఎవరికీ కనబడేది కాదు. ఇప్పుడు రంగుల్లో ప్రింటు తీసి చేతికిస్తున్నారు. నలుగురితో పాటు నారాయణా అన్నారే గానీ, ఆ నలుగురూ నూటికి ఎంతమందో చెప్పారా? ఇప్పుడు చెబుతున్నారు!

నాకీ జ్ఞానోదయం మా మేనల్లుడి పుణ్యమా అని కలిగింది. వాడు ఒక సర్వే కంపెనీలో గ్రాఫులు గీసేవాడు. ఏ ఇంటికెళ్ళినా ముందు లాప్‌టాప్ తెరిచి, ఆ తర్వాతే చెప్పులు విడిచే రకం.

నేనేమో దర్జీని. బస్టాండు వెనక సందులో ముప్పై ఏళ్ళకు పైగా చొక్కాలూ ప్యాంట్లూ కుట్టి, మొన్నామధ్య షాపుకి తాళం వేశాను. ఆనాటి నుంచీ అన్నం సయించేది కాదు. ఎవరైనా ఏమైందని అడిగితే చెప్పుకుందామని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మేనల్లుడు వచ్చాడు.

"మావయ్యా, మన కుటుంబం కథనీ దేశం కథనీ లెక్కలతో కలిపి ఒక ప్రాజెక్టు చేస్తున్నా. నీ ఆది నుంచీ కావాలి."

నేను లోపలికెళ్ళి నా పాత చొక్కా ఒకటి తెచ్చి వాడి చేతిలో పెట్టాను. మా పనిలో ఆది అంటే అదే మరి! కొత్తది కుట్టించుకునేవాళ్ళు కొలతకోసం ఇచ్చే పాత చొక్కా.

"ఇదెందుకు మావయ్యా?"

"ఆది అడిగావు కదరా? మెడ దగ్గర మాత్రం కాస్త వదులు పెట్టించు."

"అయ్యో రామా! ఆది అంటే మొదలు. నీ మొదటి సంగతులు."

వాడు చొక్కా పక్కన పడేసి లాప్‌టాప్ తెరిచాడు. ఎక్కుతున్న ఎర్రగీత రెడీమేడ్ బట్టల అమ్మకాలట. దిగుతున్న నీలంగీత దర్జీ షాపులట. రెండూ కలుసుకున్న చోట వేలు పెట్టి, "సరిగ్గా ఇక్కడే నీ షాపు! నువ్వు ఓడిపోలేదు మావయ్యా. నువ్వు ట్రెండువి!" అన్నాడు.

నేను ట్రెండునా! ఒళ్ళు పులకరించింది. ఆ ఊపులో, "తాళం వేసిన రోజు ఏమైందంటే..." అని మొదలుపెట్టాను.

"అది ఒక్క మనిషి అనుభవం మావయ్యా. శాంపిల్ సరిపోదు" అన్నాడు వాడు, లాప్‌టాప్ మూసేస్తూ.

నిజమే కదా! ఆ రోజు నుంచీ నేనూ లెక్కల్లోకి దిగాను. ఎంత హాయో చెప్పలేను. నా బొజ్జ నాది కాదు, ఈ తరం మగవాళ్ళందరిదీ. నా బట్టతలకి ఎన్ని దేశాల్లో తోడుందో! మా ఆవిడ వంటింట్లో కుళాయి కారుతోందని పోరుపెడితే, నా వయసు మగవాళ్ళలో నూటికి అరవై మంది కుళాయి జోలికే వెళ్ళరని చెప్పాను.

"అయితే ఆ మిగతా నలభై మందిలో ఒకణ్ణి పిలుచుకు రండి" అంది.

చదువు లేకపోతే ఇదే చిక్కు.

మా అక్కయ్య, అంటే వాడి తల్లి, ఇంకా అన్యాయం. "వారమైంది, ఒక్క ఫోన్ లేదేరా" అని కొడుక్కి మెసేజ్ పెట్టింది. కొడుకులు తల్లులకు చేసే ఫోన్లు ప్రపంచమంతటా ఎలా తగ్గుతున్నాయో చూపించే గ్రాఫు ఒకటి వెంటనే పంపించాడు. ఎంత శ్రద్ధ! ఆవిడ దాన్ని చూసుకుని మురిసిపోవాలి గానీ, కళ్ళొత్తుకుంటుందా?

పోయిన వారం మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. ముందు చెప్పులు విడిచాడు. అప్పుడే అనుమానం వచ్చింది. లాప్‌టాప్ లేదు. గ్రాఫులు తనంతట తనే గీసే సాఫ్ట్‌వేర్ వచ్చిందట, వాడి సెక్షన్ మొత్తాన్నీ ఇంటికి పంపేశారట.

నాకు ఉత్సాహం ఆగలేదు. మార్కింగ్ సుద్ద తీసి బల్లమీదే రెండు గీతలు గీశాను, ఒకటి ఎక్కేది, ఒకటి దిగేది. "ఇదిగో, నువ్విక్కడ! ఓడిపోలేదురా అల్లుడూ, నువ్వు ట్రెండువి!"

"నాది వేరే మావయ్యా!" అని అరిచాడు. తనదాకా వస్తే గానీ తత్త్వం తెలియదంటారు. "నీకు తెలీదు. నడుం నొప్పని నా కుర్చీకి సొంతంగా దిండు కొనుక్కున్నా. అది తెచ్చుకుంటానంటే లోపలికి కూడా రానివ్వలేదు. గేటు దగ్గరే నిలబెట్టారు."

ఒక్క దిండు శాంపిల్‌గా సరిపోదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వాడి మొహం చూసి మింగేశాను. ఎత్తుకుని పెంచిన పిల్లాడు. పాపం అనిపించింది.

కాఫీ తాగాక వాడు సుద్దగీతల్ని అరచేత్తో చెరిపేసి నెమ్మదిగా అడిగాడు. "నీ షాపు మూసిన రోజు ఏం జరిగింది మావయ్యా?"

చెప్పాను. తీసుకెళ్ళడానికి ఎవరూ రారని తెలిసీ, ఆఖరి చొక్కాకి బొత్తాలు కుట్టి, ఇస్త్రీ చేసి, హ్యాంగర్‌కి తగిలించి తాళం వేశానని చెప్పాను. వాడు మధ్యలో ఒక్క శాతం కూడా అనలేదు. ఆ పూట అన్నం సయించింది.

కాబట్టి పాఠకులారా, గ్రాఫుల్ని నిందించకండి. అందులో లెక్క తప్పలేదు. నా షాపుని మూయించింది రెడీమేడ్ చొక్కాలేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆది అయినా చూడకుండా, నా ఏడుపు కూడా రెడీమేడ్‌దే తెచ్చి తొడుక్కోమంటే ఎలా? భుజాల దగ్గర పట్టేస్తోందండీ!