చూడి ఆవు షికారు

వీధి ఇంకా కళ్ళు నులుముకుంటుండగానే ఆవును పశువుల ఆస్పత్రికి తోలుకుపోయి, పని కానిచ్చుకుని, పాలు పోసే వేళకు ఏమీ ఎరగనట్టు ఇంట్లో ఉండాలని పెద్దల్లుడు అనుకున్నాడు. ఎవరూ చూడకూడదు. మరీ ముఖ్యంగా పక్కింటి చిన్నల్లుడు చూడకూడదు.

వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు. వీధి చివర ఉండే అత్తగారు ఓపిక తగ్గి పాల వ్యాపారం మానుకున్నప్పుడు, ఒకే తల్లికి పుట్టిన రెండు ఆవుల్ని ఇద్దరు కూతుళ్ళకూ పంచింది. నల్లమచ్చది పెద్దమ్మాయికి, ఎర్రది చిన్నమ్మాయికి. రెండిళ్ళ పాకలకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే ఉంది. దాని మీదుగా అక్కాచెల్లెళ్ళ కబుర్లు, ఆవుల ఊపిర్లు, అల్లుళ్ళ కుళ్ళు నిరాటంకంగా రాకపోకలు సాగించేవి. చిన్నల్లుడు కొత్త తొట్టి కట్టిస్తే పెద్దల్లుడు పాత తొట్టికి రంగు వేయించాడు. పెద్దల్లుడు ఆవు మెడకు గంట కడితే చిన్నల్లుడు రెండు కట్టాడు.

అంతా బాగానే ఉంది గానీ నల్లమచ్చ చూడి కట్టడం లేదు. ఎన్నిసార్లు చూడి సూది వేయించినా నిలిచేది కాదు, మళ్ళీ ఎదకు వచ్చేది. విసిగిపోయిన పెద్దల్లుడు, "ఈసారి కూడా నిలవకపోతే బేరగాడికి తోలేస్తాను" అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి అతని భార్య అన్నం ముందు కూర్చుని లేచిపోయేది.

చివరిసారి సూది వేయించిన నెల రోజులకు, ఇంకా పరీక్ష చేయించకముందే, చిన్నల్లుడు గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"అన్నయ్యగారూ, మా ఎర్రది చూడిదండీ. ఒక్క సూదికే నిలిచింది. అంతా మన చేతి చలవ!"

పెద్దల్లుడి కడుపులో పొయ్యి రాజుకుంది. ఆ సెగకు, అతని అనుమతి కూడా అడక్కుండా, నోట్లోంచి ఒక మాట బయటికి దూకింది.

"మాదీ చూడిదే తమ్ముడూ. డాక్టరమ్మగారే స్వయంగా చెప్పారు."

వంటింట్లో ఉన్న భార్య ఆ మాట విని పరుగున వచ్చి, నల్లమచ్చ మెడ కావలించుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక మాట వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. పరీక్ష చేయిద్దామంటే, చూడిదని చాటింపు వేసిన ఆవుకు మళ్ళీ పరీక్షేమిటని అడుగుతారు. అలా ఇంకో రెండు నెలలు గడిచాయి. అబద్ధమైనా సరే, రోజూ ఇంట్లో తిరుగుతుంటే చుట్టమైపోతుంది. పెద్దల్లుడు కూడా దాన్ని నమ్మేశాడు.

నిన్న సాయంత్రం నల్లమచ్చ ఆ చుట్టరికం తెంపేసింది. మేత ముట్టలేదు. గోడ మీద గడ్డం ఆనించి ఒకటే అరుపు. ఎద లక్షణాలు తెలియనివాడు కాదు పెద్దల్లుడు. ఈ పూట దాటితే మళ్ళీ మూడు వారాలు ఆగాలి. అందుకే ఈ పొద్దుటి ప్రయాణం.

వీధి మలుపులో దర్జీ కొట్టు తలుపులు తీస్తున్నాడు.

"ఏమిటండీ, పొద్దున్నే ఆవుతో షికారా?"

"అవునండీ," అన్నాడు పెద్దల్లుడు, కుడితిలో పడ్డ ఎలుకలా గింజుకుంటూ. "చూడిది కదా. పొద్దున్నే నాలుగడుగులు నడిపిస్తే ఈత సులువవుతుందని డాక్టరమ్మగారు చెప్పారు."

దర్జీ మొహం వెలిగిపోయింది. లోపలికి తిరిగి, "అమ్మాయ్, విన్నావా? నీ డాక్టరు చెప్పిందీ ఇదే కదా! నోరు లేని గొడ్డుకున్న బుద్ధి నీకు లేకపోయింది. పద, ఆ ఆవు వెనకే నడు!" అని కేకేశాడు. నెలలు నిండుతున్న దర్జీ కూతురు నడుం మీద చెయ్యి వేసుకుని బయటికి వచ్చింది. పెద్దల్లుడి వైపు ఆమె చూసిన చూపుకు గుండీలు తెగాలి.

"మీ ఆవు మూలంగా నా నిద్ర పోయిందండీ బాబాయిగారూ" అంది. అని, వెనకే నడవసాగింది.

ఆస్పత్రి గేటు కనిపించింది. లోపలికి మళ్ళాలి. కానీ వెనక సాక్షి ఉంది. పెద్దల్లుడు గేటు వైపు చూడనైనా చూడకుండా ముందుకు సాగాడు. ఒక చుట్టు తిరిగేసరికి అమ్మాయి అలిసిపోయి ఇంటికి పోతుందని ఆశ. అమ్మాయి అలిసిపోలేదు సరికదా, వెనక నుంచి జంట గంటల మోత వినిపించింది.

"అన్నయ్యగారూ!" చిన్నల్లుడు ఎర్రదాని పలుపు పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. "ఇంత మంచి సంగతి నాకు చెప్పకుండా దాచుకుంటారా? దర్జీ చెప్పబట్టి సరిపోయింది. ముందు చూడి కట్టింది మాది. నడవాల్సిందీ ముందు మాదే."

"నేనేం దాచలేదు తమ్ముడూ. నీది ఇంకా పడుకుని ఉందేమోనని..."

"మీరు ఎన్ని చుట్లు తిప్పుతున్నారు?"

"ఒకటి."

"అయితే మేం రెండు" అని చిన్నల్లుడు ముందుకు పోయాడు. తోడల్లుడి వీపు చూస్తూ నడవడం పెద్దల్లుడి వల్ల అయ్యే పని కాదు. అతనూ వడి పెంచాడు. రెండు ఆవులూ, ఇద్దరు అల్లుళ్ళూ, వెనక ఆయాసపడుతూ ఒక గర్భిణి, ఆస్పత్రి గేటు ముందు నుంచి రెండోసారి వెళ్ళారు. లోపల టీ తాగుతున్న డాక్టరమ్మ గ్లాసు పక్కన పెట్టి చూసింది.

అరుగు మీద కూర్చున్న అత్తగారికి దూరపు చూపు ఆనదు. ఆనినంతలో ఆమెకు కనిపించింది ఇదీ: అల్లుళ్ళిద్దరూ ఆవుల్ని తోలుకుని, పెళ్ళాలకు కూడా చెప్పకుండా, హడావిడిగా ఊరి బయటి దారి పట్టారు. బేరగాడి మాట పెద్దకూతురు చెప్పగా ఆమె విని ఉంది.

"ఓసేయ్, మీ మొగుళ్ళు నా ఆవుల్ని అమ్మేస్తున్నారే!"

ఆ కేకకు రెండిళ్ళ తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. పెద్దామె చేతికి పిండితోనే పరుగెత్తుకొచ్చి ఆస్పత్రి ముందు నల్లమచ్చ మెడకు చుట్టుకుపోయింది.

"కడుపుతో ఉన్నదాన్ని అమ్ముతారా? నన్ను కూడా కలిపి అమ్మండి!"

"అమ్మడం లేదే! షికారుకి..."

"ఆవుకి షికారేమిటండీ! నమ్మడానికి నేనేమన్నా పాలు తాగే పిల్లనా?"

చిన్నామె తన మొగుణ్ణి అంతకంటే గట్టిగా నిలదీస్తోంది. అత్తగారు కర్ర ఊపుకుంటూ వస్తోంది. దర్జీ కొట్టు వదిలేసి వచ్చాడు. వీధిలో సగం మంది అక్కడే ఉన్నారు. సరిగ్గా ఆ క్షణాన నల్లమచ్చ, మెడకున్న యజమానురాలిని విదిలించుకుని, ముందుకాళ్ళు రెండూ లేపి ఎర్రదాని నడుం మీదికి ఎక్కింది.

ఆవు అలా ఎక్కితే ఎదకు వచ్చినట్టేనని తెలియనివాళ్ళు ఆ గుంపులో లేరు.

"చూడి ఆవు ఇలా చేస్తుందా?" అంది భార్య మెల్లగా.

"చెల్లెలు కదా... ముద్దు చేస్తోంది" అన్నాడు పెద్దల్లుడు. ఆ మాట అతనికే నచ్చలేదు.

"చూశారా అత్తయ్యా!" చిన్నల్లుడి గొంతులో పండగ మోగింది. "ఎదకొచ్చిన ఆవుని పట్టుకుని చూడిదని ఇన్నాళ్ళూ ఊరందర్నీ నమ్మించారు. నాతో పోటీ!"

భార్య అతని వైపు తిరిగింది. కోపమైతే భరించేవాడే. ఆమె కళ్ళలో కోపం లేదు. "నాక్కూడా అబద్ధమే చెప్పారా?" అంది.

పెద్దల్లుడు తల దించుకున్నాడు. "ఆ రోజు వాడు గోడ మీద నుంచి అలా అంటుంటే ఒళ్ళు మండిపోయిందే. నోరు జారాను. తర్వాత నువ్వు ఏడ్చావు. ఇక చెప్పలేకపోయాను."

అప్పటికి డాక్టరమ్మ గేటు దగ్గరికి వచ్చి ఉంది. పెద్దల్లుడు సిగ్గు విడిచి చేతులు జోడించాడు. "అమ్మా, ఎలాగూ పరువు పోయింది. సూదైనా వేసేయండి. ఈ పూట దాటనివ్వకండి."

"ఏ ఆవుకి?"

"ఇదేనండీ. నిన్నంతా పక్కింటి గోడ మీదికి ఒకటే అరుపు. ఇప్పుడు ఎక్కింది కదా."

"ఎక్కినదాన్ని కాదయ్యా చూడాల్సింది, ఎక్కించుకుని కదలకుండా నిలబడ్డదాన్ని" అంది డాక్టరమ్మ. అందరి తలలూ ఎర్రదాని వైపు తిరిగాయి. ఎర్రది స్తంభంలా నిలబడి ఉంది. "రెండిటినీ లోపలికి తోలండి."

ఆమె భుజం దాకా తొడుగు వేసుకుని నల్లమచ్చను పరీక్షించినంతసేపూ భార్య దాని గంగడోలు నిమురుతూనే ఉంది. పెద్దల్లుడు పలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"మూడు నెలల చూడిది. దూడ లక్షణంగా ఉంది" అంది డాక్టరమ్మ. "నేను చెప్పానని ఊరంతా చెప్పుకుంటున్నారట. చెప్పింది ఇప్పుడే. నిన్న అది అరిచింది గోడవతలి ఆవు ఎదలో ఉందని. మీరు కంగారుపడి ఎవరి చేతో గుడ్డిగా సూది వేయించి ఉంటే ఈ దూడ నేల పాలయ్యేది."

పెద్దల్లుడు రెండు చేతులతో నల్లమచ్చ వీపు నిమిరాడు. భార్య కొంగుతో ముఖం తుడుచుకుని అతని పక్కకు వచ్చింది.

"దానికి మూడు నెలలు. మీ బుద్ధికి ఎప్పుడు నెలలు నిండుతాయో" అంది. అయినా అతని చెయ్యి పట్టుకుంది.

ఎర్రదాని కడుపు ఖాళీ. "పరీక్ష చేయించారా?" అని డాక్టరమ్మ అడిగితే, "మళ్ళీ ఎదకి రాలేదు కదా అని..." అంటూ చిన్నల్లుడు నీళ్ళు నమిలాడు.

"వచ్చే ఉంటుంది. కొన్నింటిది మూగ ఎద. అరవవు, గోల చెయ్యవు. మనమే కనిపెట్టి చూడాలి. ఇవాళైనా తీసుకొచ్చారు, అదృష్టం" అని ఆమె ఎర్రదానికి సూది వేసింది.

బయటికి వచ్చాక పెద్దల్లుడు గుంపు ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "విన్నారా? మా నల్లమచ్చ చూడిది!"

"ఇందులో వింతేముందండీ? మీరు ఎప్పుడో చెప్పారుగా" అన్నాడు దర్జీ, అతన్ని దాటుకుని చిన్నల్లుడి దగ్గరికి పోతూ. "అయ్యో పాపం, ఇన్నాళ్ళూ ఎంత ఆశపడ్డారో!"

అందరూ అటే పోయారు. దర్జీ కూతురు కూడా తన కష్టం మరచి చిన్నామెను ఓదార్చింది. అత్తగారు చిన్నల్లుడి వీపు నిమిరి, "బెంగపడకు నాయనా, ఇది నిలిచేదాకా నా పెరట్లో పచ్చగడ్డంతా ఎర్రదానికే" అంది. అన్నట్టుగానే పూట తిరక్కుండా మోపులు మోపులుగా పంపింది.

గోడ మీదుగా ఆ గడ్డిని చూస్తూ, ఆవు చూడి కట్టకపోవడంలో ఇంత లాభం ఉందని తనకు ముందే ఎవరూ చెప్పలేదేమని పెద్దల్లుడు కుళ్ళుకున్నాడు.