పది నిమిషాల దెయ్యం

పాత హాలీవుడ్ దెయ్యం సినిమాలను నిజంగా ప్రేమించేవాడు వాటిని చూడకూడదు! కోప్పడకండి. నలుపు తెలుపు సినిమాల మీద నాకున్న భక్తి కొద్దీ చెబుతున్నాను.

గంటంపావు సినిమాని పది నిమిషాల్లో తెలుగులో ఎక్స్‌ప్లెయిన్ చేసే వీడియోలు వచ్చాక కూడా మొత్తం చూసేవాళ్ళుంటారా? అప్పటి దర్శకులకు టైమ్ విలువ తెలియదు పాపం. తలుపు తెరుచుకోవడానికే నిమిషం తీసుకుంటారు. కొవ్వొత్తి పట్టుకున్న అమ్మాయి మెట్లు దిగుతుంది, దిగుతుంది, ఇంకా దిగుతూనే ఉంటుంది. మన వీడియో ఆయనైతే "కట్ చేస్తే అమ్మాయి చచ్చిపోయింది ఫ్రెండ్స్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఎంత సుఖం!

మైలవరం బస్సెక్కితే దిగేలోపు పిచ్చి డాక్టర్లు ఇద్దరు, రక్తం తాగే జమీందారు ఒకడు పూర్తి. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగిందా, ఇంకో శవపేటిక తెరిచి మూసేస్తాను. మూకీలు మరీ సులువు. మాటల్లేవు కాబట్టి రెట్టింపు స్పీడులో పెట్టుకున్నా నష్టం లేదు! ఈ నెలలో అరవై అయ్యాయి. మీలో అంతటి రసికులున్నారా?

గుణదలలో సంజీవరావు గారని ఒకాయన ఉన్నారు. ఒకప్పుడు సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. ఆదివారం భోజనాలయ్యాక మేడ మీద గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి ఇలాంటి సినిమా వేస్తారు. ఇరవై కుర్చీలు. ఆట అయ్యాక ఆయన భార్య మణెమ్మ గారు టీ తెస్తారు. టీ అందుకునే ముందు ప్రతివాళ్ళూ తమకు ఎక్కడ భయమేసిందో చెప్పాలి. అదీ అక్కడి రూలు.

ఒకసారి నేను వీడియో చూసుకుని, ఆట చివర్లో వెళ్ళి, కథంతా గడగడా అప్పజెప్పాను.

"కథ నాకు తెలుసండీ. మీకెక్కడ భయమేసిందో చెప్పండి" అన్నారాయన.

అది వీడియోలో లేదు! సిలబస్‌లో లేని ప్రశ్న అడిగితే ఎలా? వెళ్ళడం మానేశాను. ఊరికే మానేశానా, ఆ వీడియోల లింకులు మిగతా పంతొమ్మిది మందికీ పంపాను. ప్రజాసేవ!

మొన్న శనివారం ఆయనే ఫోన్ చేశారు. "రేపటితో ఆపేస్తున్నానండీ. ఎవరూ రావట్లేదు. మీరన్నా వస్తారా?"

మొహమాటపడి వెళ్ళాను. గోడ మీద పడుతున్న సినిమాలో తలుపు మెల్లగా తెరుచుకుంటోంది. ఫోన్లో వీడియోలా ముందుకు జరుపుదామని నా బొటనవేలు కుర్చీ చేతిని రుద్దుతోంది. జరగదే! పూర్తిగా తెరుచుకుంది. అవతల ఎవరూ లేరు. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నెలకి అరవై చూసినవాణ్ణి, ఒక్క తలుపుకి వణికాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎంత బాగుందో!

ఆట అయిపోయింది. సంజీవరావు గారు లైట్లు వేశారు. మణెమ్మ గారు ట్రేలో రెండే గ్లాసులు తెచ్చారు.

"ఎక్కడ భయమేసిందండీ?" రూలు రూలే.

తలుపు దగ్గరని చెబుదామని నోరు తెరిచి, చుట్టూ ఉన్న పంతొమ్మిది ఖాళీ కుర్చీలు చూశాను.

"లైట్లు వేశాకండీ" అన్నాను.