తొమ్మిదికి పది మార్కులు

దేశంలో పరీక్షలు లెక్కలేనన్ని ఉన్నాయి గానీ, చెప్పిన తేదీన జరిగి, చెప్పిన గంటకు ఫలితం వచ్చే పరీక్ష ఒకే ఒక్కటి ఉంది. అది సిరిసిల్లలో, జలపతి ఫోన్లో, ప్రతి ఆదివారం ఉదయం పదింటికి జరుగుతుంది.

జలపతిది వాళ్ల వంశంలోనే మొదటి డిగ్రీ. ఆ డిగ్రీ పట్టుకొని ఎనిమిదేళ్లుగా సర్కారు కొలువు పరీక్షలకు చదువుతున్నాడు. వాటిలో కొన్ని వాయిదా పడ్డాయి, కొన్ని రద్దయ్యాయి, ఒకటి జరిగి కోర్టుకు పోయింది. చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాడు కనుక తనే ఒక పరీక్ష పెట్టాడు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల మిత్రులతో ఒక వాట్సాప్ గ్రూపు. వారానికి పది జీకే ప్రశ్నలు. సాయంత్రం ఆరింటికి ఫలితం, మొదటి ర్యాంకుకు రంగుల సర్టిఫికెట్. నూట ముప్పై ఏడు వారాల్లో ఆరు ఒక్కసారి కూడా ఆరూ ఒక నిమిషం కాలేదు.

మొదట్లో నియమాలు లేవు. నియమాలు లేని పరీక్షను ఎవరూ లెక్కచేయరని తొందరలోనే తెలిసింది. దాంతో హాల్‌టికెట్ పెట్టాడు. ఒక్క నిమిషం ఆలస్యమైనా అనుమతి లేదన్నాడు. (మంచం మీద కూర్చొని రాసేవాళ్లు పదిహేను నిమిషాల ముందే మంచానికి చేరుకోవాలి.) బూట్లు నిషేధించి, చెప్పులు తొడిగిన పాదాల ఫోటో అడిగాడు. బయోమెట్రిక్ కింద అందరూ బొటనవేలు బొమ్మ పంపాలి. కథలాపూర్ అభ్యర్థి ఒకడు మర్యాద కొద్దీ నమస్కారం బొమ్మ పంపితే మూడు వారాలు డిబార్ చేశారు.

కీ మీద అభ్యంతరాలుంటే నాలుగింటిలోపు పుస్తకం పేజీ నెంబరుతో పంపాలి. వాటిని తేల్చడానికి నిపుణుల కమిటీ కూడా ఉంది. చైర్మన్ గంగాప్రసాద్‌కు జగిత్యాలలో జిరాక్స్ సెంటర్. సభ్యురాలు పద్మజ కోరుట్లలో ప్రైవేటు బడి టీచరు. (గంగాప్రసాద్ నిపుణుడెట్లా అయ్యాడని ఎవరూ అడగలేదు. జిల్లాలోని గైడ్లన్నీ ఆయన మిషను మీదుగానే పోయాయి.)

చేనేత దినోత్సవం వచ్చిన వారం పది ప్రశ్నలూ నేత మీదే అని ప్రకటన వెలువడింది. ఆ మాట చెవిన పడగానే జలపతి తల్లి దేవవ్వ రాట్నం ఆపింది. ముప్పై ఏళ్లుగా మరమగ్గాలకు నూలు కండెలు చుట్టడమే ఆమె పని.

"గీ వారం నేను గూడ రాస్తరా."

"నీకు సదువు రాదు గదనే అవ్వా!"

"సదువుడు రాకుంటే ఇనుడు రాదా? నువ్వు సదువు, నేను ఒకటో రెండో అంట, నువ్వు ఒత్తు. గోడ మీద అన్నీ నీ సదువు కాయితాలేనాయె. నా పేరు మీద ఒక్కటన్న రావద్దా?"

నియమావళి ప్రకారం సహాయకుడిని పెట్టుకోవచ్చు. అతను అభ్యర్థి కన్నా తక్కువ చదివినవాడై ఉండాలి. దేవవ్వ కన్నా తక్కువ చదివినవాడు సిరిసిల్లలో దొరకనందున నియమం సడలించి, జలపతినే అనుమతించారు. (ప్రశ్నలు తయారు చేసినవాడు సహాయకుడు కావచ్చునా అన్నది ఎక్కడా రాసి లేదు, కనుక కావచ్చు.)

దేవవ్వ నాలుగు నిమిషాల్లో పరీక్ష ముగించి మళ్లీ కండె అందుకుంది. ఏడో ప్రశ్న దగ్గర మాత్రం జలపతి వేలు ఒక్క క్షణం ఆగింది. నిజాయితీపరుడు కనుక కీలో ఏముందో చెప్పకుండా, ఆమె అన్నదే నొక్కాడు.

ఒంటిగంటకు కీ వచ్చింది. పన్నెండు మందికి పదికి పది. దేవవ్వకు తొమ్మిది.

ఏడో ప్రశ్న: బట్టకు పొడవునా ఉండే దారాలను ఏమంటారు? దేవవ్వ పడుగు అంది. కీలో పేక అని ఉంది, ఎందుకంటే గైడు 214వ పేజీలో అట్లా ఉంది. ఆ పన్నెండు మందీ మగ్గం చప్పుడుకే నిద్రపోయి, అది ఆగితే ఉలిక్కిపడి లేచిన ఇళ్ల పిల్లలే. కానీ పరీక్షలో తెలిసింది రాయకూడదు, గైడులో ఉన్నది రాయాలి అన్న జ్ఞానం వాళ్లకు ఏళ్ల సాధనతో అబ్బింది.

"ఎవడురా గా గైడు రాసింది?" అంది దేవవ్వ. "పొడుగున పోయేది పడుగు, అడ్డం వడేది పేక. మన వాడకట్టుల మేకనడిగినా చెప్తది!"

జలపతి తల్లి తరఫున అభ్యంతరం దాఖలు చేశాడు. ఐదింటికి కమిటీ వీడియో కాల్‌లో సమావేశమైంది.

"తమ్మీ, ఆధారం అన్న కాడ 'మా అవ్వ' అని రాసినవ్," అన్నాడు గంగాప్రసాద్. "ఏ పబ్లికేషన్?"

"పబ్లికేషన్ కాదన్నా, ముప్పై ఏండ్ల సంది కండెలు సుడుతది."

"గది అనుభవం. ఆధారం కాదు."

"మా అత్త గూడ పడుగే అంటున్నదన్నా," అంది పద్మజ. "కాని ఆమెది ఏడో తరగతి."

గంగాప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "అసలు పేపర్ తయారైన ఇంట్లనే ఈమె ఉన్నది. లీకేజీ కోణం సూడాలె."

"లీకైతే కీల ఉన్నదే కొట్టేది గదన్నా?" అన్నాడు జలపతి.

చైర్మన్ కాసేపు ఆలోచించి, అభ్యర్థి లీకేజీని కూడా సరిగా వినియోగించుకోలేదని నమోదు చేసుకున్నాడు.

ఇక లాభం లేదని దేవవ్వ ఫోను లాక్కొని పక్కింటి మరమగ్గం సాంచా దగ్గరికి నడిచి, నడుస్తున్న మగ్గం మీద వేలు పెట్టి చూపించింది. "ఇగో పడుగు. ఇగో, గిట్ల ఉరుకుతున్నది పేక. కండ్లున్నయా సారూ?"

కమిటీ శ్రద్ధగా చూసింది. మగ్గానికి పేజీ నెంబరు లేనందున పరిగణనలోకి తీసుకోలేకపోయింది.

అప్పటికి ఐదూ యాభై. కీ సవరిస్తే దేవవ్వ ఒక్కతే మొదటి ర్యాంకు. కానీ సవరించిన కీ మీద మళ్లీ అభ్యంతరాలు పిలవాలి, అందుకు ఒక రోజు గడువివ్వాలి. ఆరింటి ఫలితం ఆగిపోతుంది. జలపతి గోడ గడియారం వంక చూశాడు. తల్లి వంక చూశాడు. మళ్లీ గడియారం వంకే చూశాడు.

ఐదూ యాభై తొమ్మిదికి రాజీ కుదిరింది. ఏడో ప్రశ్న రద్దు. అయితే గైడును నమ్మినవాళ్లు నష్టపోకూడదు కనుక వాళ్ల మార్కు వాళ్లకే ఉంటుంది.

ఆరింటికి ఫలితం వచ్చింది. తొమ్మిది ప్రశ్నలకు పన్నెండు మంది పదేసి మార్కులు సాధించారు. దేవవ్వ తొమ్మిదికి తొమ్మిది తెచ్చుకొని పదమూడో ర్యాంకులో నిలిచింది. గ్రూపంతా బొటనవేళ్లతో నిండిపోయింది.

"నాయి అన్నీ కరెక్టేనారా?" అంది దేవవ్వ.

"అన్నీ కరెక్టే అవ్వా."

"మరి కాయితం?"

"రాదు."

దేవవ్వ రాట్నం తిప్పింది. ఒక కండె నిండింది. తీసి గంపలో వేసింది.

"నువ్వు ఎనిమిదేండ్ల సంది రాసే పరీక్షలు గూడ గిట్లనే ఉంటయా కొడుకా?"

"లేదవ్వా," అన్నాడు జలపతి, కాస్త గర్వంగానే. "గాడ రిజల్టే రాదు."