ఖాళీకి నూటికి నూరు

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది, ఆ పైన కూడా విశ్రాంతి తీసుకోకుండా ఒక వాక్యాన్ని అక్షరం తర్వాత అక్షరంగా కంప్యూటర్ తెర మీదికి పంపడం కనిపెట్టింది. దీన్ని ధార అంటారు. పూర్వం పేజీ మొత్తం సిద్ధమయ్యాక ఒక్కసారే వచ్చేది. జనం కాసేపు ఎదురుచూసి, వచ్చాక చదువుకునేవాళ్ళు. ఇందులో నాగరికత లేదని గుర్తించిన పెద్దలు, తయారైన అక్షరాన్ని తయారైనట్టే పంపే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు జనం ప్రతి అక్షరానికీ విడివిడిగా ఎదురుచూస్తున్నారు.

ఈ ధారను బడుల్లో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళ మీదికి మళ్ళించిన ఘనత అక్షర ప్రవాహ మండలిది. వంటమనిషికి పప్పు ప్యాకెట్ మీద గడువు తేదీ చదవడం రావాలి, లేకపోతే పిల్లలకు ప్రమాదం అని మండలి అంది. (ఈ మాటలో తప్పేమీ లేదు. పథకాలన్నీ తప్పులేని మాటతోనే మొదలవుతాయి.) కాబట్టి నెలాఖరులోగా ప్రతి వంటమనిషీ ధారా పఠన పరీక్ష పాస్ కావాలి. తెర మీద అక్షరాలు ధారగా వస్తాయి. ఆమె పైకి చదవాలి. ఆమె గొంతు కూడా ధారగానే మండలి సర్వర్‌కు పోవాలి. పాస్ కానివాళ్ళు గరిటె అప్పగించి ఇంటికి పోవాలి. పరీక్ష ఏ ఊళ్ళో రాసినా, ఏ బ్రౌజర్‌లో రాసినా ఒకేలా ఉంటుందని నియమావళి మొదటి పేజీలో రాసి ఉంది. రెండో పేజీ చాలా బ్రౌజర్లలో తెరుచుకోలేదు.

మైలవరం దగ్గర ఒక బడిలో వండే ఓబులమ్మ ఈ కబురు విని భయపడలేదు సరికదా, లోలోపల మురిసిపోయింది. భర్త పోయాక, యాభై దాటాక, రిటైరైన నిర్మలమ్మ టీచర్ వసారాలో పలక పట్టి అక్షరాలు నేర్చిన మనిషి ఆమె. ఆమె చదువే ఒక ధార. ఒక్కో అక్షరాన్ని పలకరించి, దాని కొమ్మూ దీర్ఘమూ విచారించి, పక్కదానితో కలిపి చూసుకుని గానీ ముందుకు కదలదు. బస్సు బోర్డు చదవడం పూర్తయ్యేసరికి బస్సు వెళ్ళిపోతుంది. అయితే వెళ్ళిపోయింది ఏ బస్సో ఆమెకు కచ్చితంగా తెలుస్తుంది. నిర్మలమ్మ నేర్పిన ఒక నియమాన్ని మాత్రం ఆమె ఎన్నడూ తప్పలేదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వస్తే ఆగి, నిండుగా ఊపిరి తీసుకోవాలి. వసారాలోంచి ఊపిరి చప్పుడు వినబడితే, ఓబులమ్మ రెండో మాటకు వచ్చిందని వీధిలో చెప్పుకునేవాళ్ళు.

మొదట జమ్మలమడుగు కేంద్రానికి పోయింది. ఆపరేటర్ కలీం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నియమం ప్రకారం తాను బయటికి పోయి తలుపు వేశాడు. (పరీక్ష గదిలో రెండో మనిషి ఉంటే, ఎవరు చదివారో సర్వర్‌కు అనుమానం వస్తుందట.) తెర తెల్లగా ఉంది. మూలన గడియారం మాత్రం తిరుగుతోంది. ఓబులమ్మ పైట సర్దుకుని ఎదురుచూసింది. అక్షరాలు బయల్దేరాయి, వచ్చాయి కూడా, కానీ ఆ బ్రౌజర్ వాటిని గుమ్మంలోనే ఆపి పోగు చేసుకుంది. చివరికి పేజీ మొత్తం ఒక్కసారిగా తెర మీద పడింది, దాని మీద సమయం ముగిసిందనే మాట కూడా పడింది. ఓబులమ్మ ఆ మాటను కూడా కూడబలుక్కుని చదివింది. అది లెక్కలోకి రాదని, తలుపు తీసి వచ్చిన కలీం చెప్పాడు.

అతనే జాలిపడి సహాయ కేంద్రానికి ఫోన్ కలిపిచ్చాడు. అవతల ప్రవాహ సమన్వయాధికారి రఘురామ్, చాలా మర్యాదస్తుడు. ఆ బ్రౌజర్‌కు కొంత సరుకు చేరేదాకా నోరు తెరవని అలవాటు ఉందని, కడుపు నిండితే గానీ ఒక్క మెతుకు కూడా చూపించదని వివరించాడు.

"మా బడిలో పిల్లోళ్ళు గూడా అట్ల కూర్చోరు సారూ," అంది ఓబులమ్మ. "అన్నం పడితే అన్నం తింటాండారు. పప్పు, నీళ్ళచారు వచ్చినప్పుడు వస్తాయి."

రఘురామ్ ఈ సూచనను నమోదు చేసుకుని, పులివెందులలో వేరే బ్రౌజర్ ఉంది, అక్కడికి వెళ్ళమన్నాడు.

ఆమె ముద్దనూరు మీదుగా రెండు బస్సులు మారి పులివెందుల చేరింది. అక్కడ అక్షరాలు చక్కగా, ఒకదాని వెనక ఒకటిగా వచ్చాయి. ఓబులమ్మ జీవితంలో ఎన్నడూ చదవనంత బాగా చదివింది. గుడ్డు పగిలి ఉంటే పిల్లలకు పెట్టరాదు అనే వాక్యాన్ని తడబడకుండా దాటినప్పుడు, తానే అధికారి అయినట్టు తల కూడా ఊపింది. ఫలితం వచ్చింది: అభ్యర్థి మౌనం వహించారు.

కారణం చిన్నదే. ఆ బ్రౌజర్‌కు ధారగా తీసుకోవడం వచ్చు, ధారగా పంపడం రాదు. మనిషి మాట్లాడటం పూర్తిగా ముగిస్తే గానీ గొంతును గడప దాటనివ్వదు. ఆమె ముగించేదాకా మండలి చెవికి ఏమీ చేరలేదు. చేరేసరికి మండలి చెవి మూసుకుంది. రఘురామ్ ఫోన్‌లో విచారం వ్యక్తం చేసి, బ్రౌజర్ల మధ్య సమానత్వం కోసం కొత్త సవరణ తెస్తున్నామని హామీ ఇచ్చాడు.

ఆ రాత్రి ఓబులమ్మకు తన మీద తనకే నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ వేలిముద్ర వేసినంతకాలం ఆమె వంటకు ఏ ఆటంకమూ రాలేదు. అక్షరాలు నేర్చాకే ఉద్యోగం ఊడే దాకా వచ్చింది.

సవరణ నిజంగానే వచ్చింది. జమ్మలమడుగు బ్రౌజర్ కడుపు నింపడానికి, ప్రతి పరీక్షకూ ముందు బోలెడన్ని ఖాళీలు పంపాలని మండలి తీర్మానించింది. అసలు అక్షరాలు ఆ తర్వాత వస్తాయి. ఒక్క ఊరికే ఇస్తే పక్షపాతం అవుతుంది కాబట్టి, అవసరం లేని ఊళ్ళకు కూడా ఖాళీలు మంజూరయ్యాయి.

నెలాఖరున ఓబులమ్మ ప్రొద్దుటూరు పోయింది. బంగారు అంగళ్ళ సందులో మేడ మీద కేంద్రం, ఆపరేటర్ మైమూన్. అక్కడి బ్రౌజర్ ఉత్తమురాలు. తీసుకోవడమూ ధారే, పంపడమూ ధారే. తలుపు మూసుకోగానే ధార మొదలైంది. తెర మీద నిలువు గీత ఒకటి మిణుకుమంటూ ఒక అడుగు పక్కకు జరిగింది. అక్షరం లేదు. ఓబులమ్మకు ఇది ఏమిటో వెంటనే తెలిసింది. ఖాళీ. ఆగి, నిండుగా ఊపిరి తీసుకుంది. గీత మళ్ళీ జరిగింది. మళ్ళీ ఊపిరి. ఒక్క ఖాళీని కూడా ఎగ్గొట్టలేదు. నిర్మలమ్మ అలా నేర్పలేదు మరి. కళ్ళు తిరిగేంతగా ఊపిరి పీల్చి వదులుతుండగానే, ఒక్క అక్షరమైనా రాకముందే సమయం ముగిసింది.

మైమూన్ తలుపు తీసి తెర చూసి, అక్కడే నిలబడిపోయింది.

"ఏందమ్మీ, పోయిందా?" అంది ఓబులమ్మ.

"పెద్దమ్మా, నూటికి నూరు. పొద్దున్నించి ఎవురికీ రాల్యా. అందురూ తెరను చూసి, ఇంకా రాలేదేంది, రాలేదేంది అని అడగడమే. పాఠంలో లేని మాటలు చదివినారని మిషను మార్కులు కోసేసింది. నువ్వేం చదివినావు?"

పంపినవి ఖాళీలు, వినబడినవి ఖాళీలు, తప్పులు సున్న. తాను ఏమీ చదవలేదని చెప్పడానికి ఓబులమ్మ నోరు తెరిచింది. బడి పొయ్యి గుర్తొచ్చి మళ్ళీ మూసింది.

"వచ్చిందే చదివినా," అంది.

అనర్గళంగా చదవగలరు అని అచ్చేసిన సర్టిఫికెట్‌ను వంటగది గోడకు అంటించింది. పొగకు అది పసుపెక్కడం మొదలైన వారంలో తనిఖీ అధికారి ప్రసూన వచ్చింది. సరిగ్గా అప్పుడే ఓబులమ్మ కొత్తగా వచ్చిన పప్పు ప్యాకెట్‌ను చేతిలో పట్టుకుని కూడబలుక్కుంటోంది. పూర్తయ్యేసరికి ఎసరు సగం ఇంకింది.

"మేడమ్, దీని గడువు పోయిన నెల్లోనే అయిపోయిండాది. ఈడ రాసుండారు సూడు."

ప్రసూన ప్యాకెట్‌ను చూడలేదు, గోడ మీద సర్టిఫికెట్‌ను చూసింది. ధారగా వచ్చేదాన్ని చదవడానికి మాత్రమే ఓబులమ్మకు అర్హత ఉందని, ప్యాకెట్ మీద అక్షరాలన్నీ ఒకేసారి అచ్చయ్యాయి కాబట్టి ఆమె చదివింది చెల్లదని సౌమ్యంగా చెప్పింది. అలాంటి చదువుకు పరీక్ష ఇంకా రూపొందలేదట.

ఓబులమ్మ ఆ ప్యాకెట్ పక్కన పడేసి, చింతపండు నానబెట్టి పులిహోర కలిపింది. పిల్లలు తిన్నారు. పప్పు ఎందుకు వండలేదో బడి ఫోన్‌లో యాప్‌లో నింపాలి. కారణం రాయాల్సిన గడిలో నిలువు గీత మిణుకుమంటోంది. గడువు తీరిందని రాస్తే, ఎలా తెలిసిందని మరో గడి తెరుచుకుంటుంది. ఆమె ఏమీ రాయలేదు. నిండుగా ఒక ఊపిరి తీసుకుని, పంపే మీట నొక్కింది.

వెంటనే ఆమోదం వచ్చింది. అన్ని బ్రౌజర్లలోనూ ఒకేలా పనిచేసేది ఖాళీ ఒక్కటే.