దొరవారి గడీలో కొలువుల సడలింపు

"...గందుకే చెప్తున్న బిడ్డా, రాసుకో. నా మాట నీ బడి తెలుగుల పెట్టు. మందితోటి మాట్లాడిన కాడ మాత్రం గట్లనే ఉండనియ్."

పనితనం ఉన్నవాడు రావాలంటే పిలిచేవాడు వంగాలి. ఈ మహాసత్యాన్ని సూర్యాపేట దగ్గర మా దొర, రజాకార్ల గడబిడ చల్లారి, కూలి లేని వెట్టి పోయిన కొన్నాళ్లకు కనిపెట్టాడు. (అంతకుముందు వంగే పని మాది.)

దొర బావికి నీళ్లు తోడే తోలు మోట చిరిగింది. యాసంగి వరి పొట్ట మీదుంది. మోట కుట్టే జానయ్యేమో వెట్టి పోయిన మర్నాడే అత్తగారి ఊరు కోదాడ వెళ్లిపోయాడు.

నేను గడీ సుంకరిని. ఇంటి ముందు నిలబడి కేకేసి మనుషులను పనికి తోలుకురావడం నా కొలువు. అంటే నియామకాల శాఖ మొత్తం నా గొంతులో ఉండేది. దొర కొత్త కానూను చెప్పాడు.

"నాగయ్యా, ఇగ తిట్టకుండ పిలువాలె. వాడు రాకుంటే నువ్వు గడీ మెట్టెక్కకు."

కోదాడలో జానయ్య గుడిసె ముందు నిలబడ్డాను. తిట్టు లేకుండా పిలుపు ఎక్కడ మొదలవుతుందో తెలియక చాలాసేపు దగ్గాను. అతని భార్య ఏసమ్మ బయటికొచ్చింది.

"ఏంటి మామా, గొంతు పోయిందా?"

"పోలేదమ్మా, మెత్తవడ్డది. దొర హుకుం."

జానయ్య చెప్పులతోనే గడీకి వస్తానన్నాడు. ఆ మాట మోసుకుపోయి మెట్ల కింద నుంచే చెప్తే, దొర బాగా ఆలోచించి బయటి దర్వాజ దాకా సడలించాడు. లోపలి వాకిట్లోకి కూడా అన్నాడు జానయ్య. వాకిలీ సడలింది. కూర్చుని మాట్లాడతానన్నాడు. అదీ సడలింది గానీ, గడీలో కుర్చీ ఒక్కటే, అందులో దొర ఉన్నాడు. కాబట్టి కూర్చునే హక్కు మంజూరు చేసి, కూర్చునే వసతిని వాయిదా వేశారు. (ఈలోగా వరి కూడా తన పచ్చదనాన్ని సడలించుకుంది. నా కాళ్లకు మాత్రం ఏ సడలింపూ లేదు.)

చివరికి దొర అన్నిటికీ ఒప్పుకున్నాడు. కూలి ముందుగానే, బండి కిరాయి గడీదే. విని, జానయ్య తోలు కుట్టే ఆరె పక్కన పెట్టాడు.

"అంత మంచిగనే ఉంది కాకా. మరి గిన్ని తాపల తిరిగినవ్, నీకేమిస్తున్నడు?"

"నాకా? నేను గడీ మనిషిని గదరా."

"గదే, ఏమిస్తున్నడు?"

మళ్లీ దగ్గాను. వెట్టి రద్దయిందని ఊరంతా కేకేసి చెప్పింది నేనే. ఆ కేకా వెట్టిదే.

ఏసమ్మ నవ్వాపుకుంటూ పీట వేసింది. "కూర్చో మామా."

"తోలు నానేసెటోడు నాక్కావాలె," అన్నాడు జానయ్య. "కూలి ఉంటది. మెట్లు లేవు."

కూర్చున్నాను. ఆనాటి నుంచి దొరకు మోట కుట్టేవాడితోపాటు వాణ్ణి పిలిచేవాడి కోసం కూడా వెతకాల్సి వచ్చింది. దొర తరఫున ఆ వెతుకులాటకు ఎవరు తిరిగారో నాకు తెలియదు.

"బిడ్డా, గిది మిర్యాలగూడల మీ మేనమామకు సదివి వినిపియ్యి. మిల్లుల మేస్త్రీ అయిండు గద, పనోళ్లు దొరుకుతలేరని ఊరూరికి మనిషిని తోలుతున్నడట. గా తిరిగెటోనికి ఏమిస్తున్నవ్ మామా అని, సదివినంక జర మెల్లగ అడుగు."