విరమణ వయసు ఇరవై ఎనిమిది

పదికల్లా పని ముగించుకుని అమ్మను కళ్ల డాక్టరుకు చూపించాలని అనుకుంది, ఆఫీసంతా ప్రోగ్రామరమ్మ అని పిలిచే ఆమె. ఉద్యోగుల సాఫ్ట్‌వేర్‌లో విరమణ వయసు అందరికీ అరవై అని పాతుకుపోయి ఉంది. దాన్ని విభాగాన్ని బట్టి మార్చుకునేలా ఒక సెట్టింగ్ చేర్చాలి, అంతే. ముందురోజు పరీక్ష కోసం ఆ గడిలో ఇరవై ఎనిమిది వేసి చూసింది. పొద్దున్నే దాన్ని అసలు సిస్టమ్‌లోకి ఎక్కించింది, ఇరవై ఎనిమిదితో సహా.

తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. అన్నింట్లోనూ ఒకే ఉత్తరం: "మీ సుదీర్ఘ సేవలకు కృతజ్ఞతలు. మీ విశ్రాంత జీవితం హాయిగా సాగాలి."

మేనేజరు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి గది తలుపు వేసుకున్నాడు. పైవాళ్లు తనను సాగనంపుతారని ఆయనకు ఏడాదిగా అనుమానం. గోడమీది పిల్లల ఫోటో దించి సంచిలో పెట్టుకున్నాడు. అద్దంలోంచి అది చూసిన స్టోర్సు గుమాస్తా, ఆఫీసే ఎత్తేస్తున్నారని తేల్చాడు. ఆ మాట పై అంతస్తుకు చేరేసరికి భవనం కూల్చడానికి మనుషులు బయల్దేరారట.

ప్రోగ్రామరమ్మకు సంగతి అర్థమైంది. సరిచేద్దామంటే సిస్టమ్ లోపలికే రానివ్వలేదు. ఆమెకు ముప్పై ఆరు. ఆమే రిటైరైపోయింది. మళ్లీ తెరవాలంటే పైఅధికారి అనుమతి కావాలి. ఆయనా రిటైరే.

అంతలో అమ్మ ఫోను. "ఎక్కడున్నావే?"

"రిటైరయ్యానమ్మా, తర్వాత చెప్తా."

"అయితే ఖాళీయేగా. త్వరగా రా."

పైవాళ్లెవరూ లేకపోతే, ఉద్యోగంలో మిగిలినవాళ్లకే అనుమతులన్నీ వెళ్తాయి. ఆఫీసులో ఇరవై ఎనిమిది లోపువాళ్లు లేరు. ఉత్తరం సంగతి ఎత్తనిది ఒక్కరే, లిఫ్టు నడిపే బాబాయి. ఆమె పరుగున లిఫ్టు దగ్గరికెళ్లింది.

"బాబాయ్, మీ ఫోన్‌కి ఏమైనా వచ్చాయా?"

"పొద్దుట్నించీ టింగుటింగుమంటోందమ్మా. ఎవరెవరివో అనుమతులంట. మనకెందుకని ముట్టుకోలేదు."

"మీకు ఉత్తరం రాలేదా?"

ఆయన చెయ్యి మీట దగ్గరే ఆగిపోయింది. "రాలేదు. వస్తుందంటావా?"

ఆమె ఆయన ఫోన్‌లోని అనుమతుల జాబితాలో తన పేరు చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, కూడబలుక్కుని చదివి, నొక్కాడు. ఆమె లోపలికెళ్లి ఇరవై ఎనిమిదిని అరవై చేసింది. పావుగంటలో అందరి ఉద్యోగాలూ తిరిగొచ్చాయి.

తర్వాత చూస్తే, ఆయన పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంది. పాత రిజిస్టరు ప్రకారం ఆయనకు అరవై మూడు.

ఆమె భయపడుతూనే మేనేజరు గదిలోకి వెళ్లింది. "ఒక ఖాళీ గడి కనిపించిందండి. లిఫ్టు బాబాయిది."

మేనేజరు ఫోటోను మళ్లీ మేకుకు తగిలిస్తున్నాడు. వెనక్కి తిరగలేదు.

"మూడేళ్లుగా నాకూ కనిపిస్తూనే ఉందమ్మా. నింపాలనే అనుకునేవాణ్ణి." కాసేపు ఫోటో వంకర సరిచేశాడు. "ఇవాళ ఒక గంట రిటైరయ్యాను కదా. ఇక నింపబుద్ధి కావట్లేదు."

ఆ సాయంత్రం ఆమె కొత్త సెట్టింగ్ వివరణలో ఒక వాక్యం చేర్చింది: పుట్టిన తేదీ లేనివారికి వయసు పెరగదు.